తరుగు లెక్క

మా ఇంట్లో ఒక చెక్క పలకకు చీమలు పట్టేవి. చెదలు కాదు, పుచ్చు పురుగూ కాదు. బెల్లం అచ్చుకు పట్టినట్టు ఎర్రచీమలు బారులు తీరి వచ్చేవి. అదీ నెలకోసారి, సరిగ్గా రెండో తారీఖున. మా అవ్వ వాటి దారికి అడ్డంగా పసుపు చల్లి, ఆ తర్వాత తీరిగ్గా మా నాయనను తిట్టేది. తప్పు నాయనదే. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ పలకను సైకిలు వెనక కట్టుకుని తీసుకుపోయి, చిత్తూరు బెల్లం మండీలో, బెల్లం తూచే కాటా మీదే తూచుకుని వచ్చేవాడు.

ఇది 1979 నాటి సంగతి. నాకు పద్నాలుగేళ్లు. కట్టమంచిలో మాది పెంకుటిల్లు. నాయన మండీలో గుమాస్తా. రైతులు బండ్లలో తెచ్చిన బెల్లాన్ని తూకం వేయించడం, చీటీ రాయడం, తరుగు తీసి లెక్క కట్టడం ఆయన పని. తరుగు అంటే ఈ కాలం పిల్లలకు తెలుసో లేదో. ఈ రోజు తూచిన బరువు సరుకు అమ్ముడుపోయే నాటికి ఉండదు. ఆరి కొంత, రాలి కొంత తగ్గుతుంది. ఆ తగ్గేదాన్ని ముందే మినహాయిస్తారు. ఇంటికొచ్చినా నాయన నోటిని ఆ మాట వదిలేది కాదు. అవ్వ జ్వరంతో చిక్కిపోతే "అమ్మకు తరుగు ఎక్కువైంది, పాలు పట్టండి" అనేవాడు.

చిన్నాయన మిలిటరీలో ఉండేవాడు. ఆ ఏడు ఉగాదికి కాశ్మీరు నుంచి సెలవు మీద వచ్చాడు. మద్రాసు దాకా రైలు, మళ్లీ కాట్పాడి దాకా ఇంకో రైలు, అక్కడి నుంచి బస్సు. ఆయన ట్రంకు పెట్టెలో మాకోసం ఏవో ఉంటాయని తెలుసు కాబట్టి పిల్లలమంతా దాని చుట్టూ మూగాం. ఆయన మాత్రం ముందు పరుపుచుట్ట విప్పాడు. పరుపు మధ్యలోంచి రెండు పలకలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. ఒక అంచున బెరడు అలాగే ఉంది. అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "దేశం ఆ కొస నుంచి కట్టెలు మోసుకొచ్చావా నాయనా? ఇక్కడ మనకు పొయ్యిలోకి కరువైందనా?"

అది అక్రోటు చెక్క అన్నాడు చిన్నాయన. మాకు తెలిసిన అక్రోటు అంతా ఎప్పుడో ఆయనే తెచ్చి పెట్టే పప్పు, గట్టి పెంకు పగలగొడితే మెదడులాగా ముడతలు పడి కనిపించేది. దానికొక చెట్టు ఉంటుందనీ, ఆ చెట్టుకు ఇంత మాను ఉంటుందనీ మాలో ఎవరికీ తోచలేదు. చిన్నాయన వాళ్ల గుడారాల దగ్గరి ఊళ్లో ఒక ముసలి చెట్టు మంచు బరువుకు చీలి సగం కూలిందట. అక్కడ పచ్చని అక్రోటు చెట్టును ఇష్టం వచ్చినట్టు నరకడానికి వీల్లేదు, 1969లోనే చట్టం చేశారు. కూలిపోయిందే దక్కుతుంది. ఆ ఇంటి పెద్దాయన దాన్ని పొయ్యికి చీలుస్తుంటే చిన్నాయన చూసి, అడిగి, డబ్బిచ్చి, రెండు పలకలు కోయించుకున్నాడు. అక్కడివాళ్లు అక్రోటును డూన్ అంటారని చెప్పాడు. సెప్టెంబరులో కాయలు దులిపేటప్పుడు పచ్చి తొక్కల రసం అంటుకుని, ఊళ్లో పిల్లలందరి అరచేతులూ వారాల తరబడి నల్లగానే ఉంటాయట. పాత రైఫిళ్ల పిడులు ఈ చెక్కతోనే చేసేవారట. ఒకసారి బాగా ఎండిందంటే వంకర పోదు, గుండు పేలినప్పుడు ఎదురుతన్నే దెబ్బకు చీలదు. ఇదంతా చెప్పి, "అమ్మకు వామనగుంటల పీట చేయించన్నా" అన్నాడు.

అవ్వ మధ్యాహ్నాలన్నీ వామనగుంటలతోనే గడిచేవి. పంచలో గచ్చు మీద సుద్దముక్కతో పద్నాలుగు సున్నాలు గీసి, చింతగింజలు పోసి, పక్కింటి ముసలమ్మతో ఆడేది. ఆవిడ రాకపోతే రెండు వైపులా తనే ఆడి, తనను తనే ఓడించి సంతోషపడేది.

మా వీధి చివర ఆచారి కొట్టం ఉండేది. బండి చక్రాలు, మడకలు, తలుపులు, చెరకు గానుగల మరమ్మతులు ఆయన పని. వేప, తుమ్మ, చింత, మామిడి, పనస, టేకు అన్నీ ఆయన చేతికి తెలుసు. అక్రోటును మాత్రం అదే మొదటిసారి చూడటం. అయినా ఆ మాట అనలేదు. పలకను నిలబెట్టి కొస చూశాడు. గోరు గుచ్చాడు. వాసన పీల్చాడు. బాడిసతో ఒక మూల చిన్న పెచ్చు లేపి నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, ఉమ్మేశాడు.

"పచ్చిది. అంగుళానికి ఏడాది. మూడు వేసవులు ఆగండి."

ఆ వేసవి సెలవుల్లోనే పీట తయారవుతుందనీ, మిగిలిన ముక్కతో నాకు పెన్సిళ్ల పెట్టె చేస్తారనీ లెక్కలు వేసుకున్న నాకు ఆ మాట శాపంలాగా వినిపించింది.

ఆచారి బెరడు ఒలిచేశాడు. బెరడు కింద పురుగు కాపురం పెడుతుందన్నాడు. పేడ, బంకమట్టి కలిపి పలకల రెండు కొసలకూ మందంగా మెత్తాడు. అంత పెద్ద పలకకు కొసలే ఎందుకని అడిగితే, "చెట్టు నీళ్లు తాగిన గొట్టాలన్నీ ఇక్కడే కదా అబ్బాయీ నోరు తెరుచుకునేది? ఇవి మూయకపోతే కొస ముందు ఎండి చీలుతుంది. తక్కినదంతా నిదానంగా ఎండనీ" అన్నాడు. ఇంటి వెనక, ఉత్తరం వైపు చూరు కింద, ఎండ పొడ తగలని చోట ఇటుకలు పేర్చి, వాటి మీద సరుగుడు బద్దలు పరిచి ఒక పలక, మళ్లీ బద్దలు పరిచి రెండో పలక పెట్టాడు. బద్దలన్నీ ఒకే మందం ఉండాలి, పై బద్ద సరిగ్గా కింది బద్ద నెత్తినే ఉండాలి. లేకపోతే పలక నడుము వంగుతుంది. అన్నిటి మీదా బరువుకు మా ఇంట్లో అరిగిపోయిన పొత్రం ఎక్కించాడు.

ఎండిందని ఎలా తెలుస్తుందని నాయన అడిగాడు. వేలు మడిచి కొడితే మోత మారుతుంది, చేతికి తేలిగ్గా తగులుతుంది అన్నాడు ఆచారి. నాయనకు ఆ జవాబు నచ్చలేదు. మోతకు లెక్క ఏముంది?

"తరుగు చూద్దాం ఆచారీ. నెలనెలా తూచుదాం. బరువు తగ్గుతున్నంత కాలం లోపల నీళ్లున్నట్టే. తరుగు ఆగిన నాడు ఎండినట్టు."

ఆచారి నవ్వాడు. నవ్వుతూనే కాసేపు ఆలోచించి, తల ఊపాడు. తర్వాత్తర్వాత నేను చదివి తెలుసుకున్నదేమిటంటే, ప్రయోగశాలల్లోనూ చేసేది అదే. నమూనా ముక్కను తూచి, నూరు డిగ్రీలు దాటిన వేడిలో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ తూచి, తేడాను ఎండిన బరువుతో భాగిస్తారు. మా నాయన ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. ఆ లెక్క ఆయనకు బెల్లం నేర్పింది.

మండీలో పాతబడిన ఒక చిట్టా పుస్తకం చివరి పేజీలో నిలువు గీతలు కొట్టి, తేదీ, తూకం, తరుగు అని మూడు గళ్లు చేశాడు. ఏప్రిల్ 1979, మొదటి పలక 12 కిలోల 400, రెండోది 12 కిలోల 150. గోనెసంచి పరిచి తూచినందుకు సంచి బరువు మినహాయించాడు. ఆ సంచి కూడా బెల్లం సంచే, అందుకే చీమలు.

ఇక నా నిర్వాకం. మే నెలలో చిత్తూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వడియాలు ఒక్క పూటలో గలగలలాడతాయి. వడియానికి పనికొచ్చే ఎండ చెక్కకు ఎందుకు పనికిరాదు? మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ పొత్రం పక్కకు దొర్లించి, పై పలకను ఈడ్చుకుపోయి, బట్టలుతికే బండ మీద పెట్టేవాణ్ని. నాలుగు గంటలకు మళ్లీ యథాస్థానం. పది పన్నెండు రోజులు ఎవరికీ తెలియకుండా సాగింది. మొదటి రోజు కొసల మీది మట్టి రాలిపోతే, అదీ మంచిదే, తొందరగా ఆరుతుంది అనుకున్నాను. ఒక మధ్యాహ్నం కొబ్బరికాయ కొట్టినట్టు ఫట్టుమని చప్పుడు. నిద్రలో ఉన్న అవ్వ లేచి కూర్చుని "ఎవరింట్లో పూజ?" అంది. నేను పరుగెత్తి చూస్తే పలక ఒక కొస నుంచి ముప్పాతిక భాగం చీలిపోయి ఉంది. నా చిటికెన వేలు అందులో దూరింది. బీట కనిపించకుండా బోర్లా తిప్పి పేర్చేశాను.

నన్ను పట్టించింది చిట్టా పుస్తకం. జూన్ ఒకటిన నాయన రెండు పలకలూ తూచి వచ్చి, పంచలో కూర్చుని, పెన్సిలు చెవిలో పెట్టుకుని చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయాడు. "ఇది నెలలో ఎనిమిది వందల గ్రాములు తరిగింది. అది కిలోన్నర. ఒకే చెట్టు, ఒకే చూరు. మిగతా ఏడు వందలు ఎవరు తిన్నారు?" మండీలో ఎవరైనా కాటాలో మోసం చేస్తే అడిగే గొంతుతోనే అడిగాడు. నేను ఏడ్చేశాను.

ఆచారి తిడతాడని భయపడుతూ వెళ్లాను. ఆయన బీటలో ఒక ఈనె పుల్ల దూర్చి లోతు చూసి, "పైన తొడుక్కున్న చొక్కా ఎండి బిగిసింది. లోపల ఒళ్లు ఇంకా తడిసే ఉంది. చొక్కా చిరగక ఏమవుతుంది?" అన్నాడు. ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. పచ్చి చెక్కలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. గొట్టాల బోలులో ఉన్న నీళ్లు ముందు పోతాయి, అవి పోయినా చెక్క కొలత మారదు. తేమ సుమారు ముప్పై శాతానికి దిగాక గొట్టాల గోడల్లో ఇంకిన నీళ్లు కదలడం మొదలవుతుంది, అప్పటి నుంచి చెక్క ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది, అందులోనూ వలయాల వెంబడి తగ్గేది, గుండె నుంచి బెరడు వైపు తగ్గేదానికంటే బాగా ఎక్కువ. పై పొర ముందే ఎండి ముడుచుకుంటే లోపలి తడి చెక్క దాన్ని ముడుచుకోనివ్వదు. ఎక్కడో ఒకచోట తెగాల్సిందే.

చీలిన పలకను ఆచారి పారేయలేదు. బీట వెంబడే రంపం పెట్టి కోశాడు. పగులును చెక్కలో దాచాలని చూడకూడదు, అది ఎటు పోయిందో అటే వెళ్లి తీసేయాలి అనేవాడు. వచ్చిన చిన్న ముక్కలను, వాటి పొట్టులోనే కప్పి, గోనెసంచిలో మూతి కట్టి మూల పడేశాడు. పొట్టు తడిని పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది, ముక్క ఉలిక్కిపడదు. చిన్న ముక్కలు కాబట్టి మరుసటి వేసవికి చేతికొచ్చాయి. ఒకటి తరిమెన పట్టించి అమ్మకు కుంకుమ భరిణె చేశాడు. మిగతావాటితో, అంత వెధవ పని చేసిన నాకే, జారుడు మూత ఉన్న పెన్సిళ్ల పెట్టె.

ఆ పెట్టెతో నేను పడిన పాట్లు వేరే కథ. ఏప్రిల్‌లో చేసిన పెట్టె. వేసవంతా మూత వేలితో తోస్తే జారేది. నవంబరులో ముసురు పట్టింది. పరీక్ష హాల్లో కూర్చుని మూత తోస్తే కదల్లేదు. పళ్లతో లాగాను. బెంచీకి వేసి కొట్టాను. చివరకు పక్కవాడి పెన్సిలుతో బొమ్మలు గీసి బయటపడ్డాను. ఆచారికి చెబితే "వానాకాలం మూత రాదు, వేసవిలో తెరువు" అన్నాడు, అదేదో పెట్టెకున్న సుగుణమన్నట్టు.

నిజానికి ఆ సంగతి నాయన పుస్తకం అంతకు ముందు ఏడాదే చెప్పింది. 1979 నవంబరులో 9 కిలోల 700 ఉన్న పలక డిసెంబరులో 9 కిలోల 800 అయింది. తరుగు గడిలో ఏం రాయాలో తెలియక నాయన "పెరుగు 100" అని రాశాడు. ఆచారి నమ్మలేదు. ఎండుతున్న చెక్క మళ్లీ బరువెక్కడం ఏమిటి, కాటాలో తేడా ఉంటుందన్నాడు. నాయనకు మాత్రం ఆశ్చర్యం లేదు. "ముసురు పడితే బెల్లం చెమరుస్తుంది, గాలిలో తడి తాగుతుంది. చెక్కకు మాత్రం నోరు లేదా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆచారి కూడా వానల ముందు ఒక తలుపు, వానల తర్వాత ఒక తలుపు బిగించేటప్పుడు సందు వేరువేరుగా వదలడం నేను కళ్లారా చూశాను. అంతకు ముందూ వదిలేవాడేమో, నేను గమనించింది మాత్రం అప్పటి నుంచే.

చిన్నాయనకు నాయన రాసే ఇన్‌లాండ్ ఉత్తరాల్లో మా క్షేమంతో పాటు చెక్క క్షేమం కూడా వెళ్లేది. "ఇచ్చట అందరమూ క్షేమం. చెక్క 9 కిలోల 350. అమ్మకు మోకాళ్ల నొప్పి." అటు నుంచి జవాబు వచ్చేది: "చెక్క సంగతి తెలిసి సంతోషం. మోకాళ్లకు ఏం వాడుతున్నారు?" పక్కింటివాళ్లకు చదివి వినిపిస్తే, ఈ చెక్క ఎవరో మా ఇంట్లో పథ్యం చేస్తున్న బంధువు అనుకునేవారు.

1980 వానలయ్యాక బెరడు వైపు అంచు కింద మెత్తని పిండి రాలి ఉంది. తెల్ల చెక్కలో సూది బెజ్జాలు. చెట్టు తన పిండి పదార్థం దాచుకునేది అక్కడే, పురుగు వెతుక్కుంటూ వచ్చేదీ దానికోసమే. నల్లని చేవ జోలికి అది రాలేదు. ఆచారి ఆ తెల్ల అంచు మొత్తం కోసేసి, మిగిలినదానికి వేపనూనె పట్టించాడు. పురుగు ఆగిపోయింది. వేపనూనె మహిమ అని అవ్వ అనేది. నా అనుమానం, దాని అన్నం మనం కోసేశాం కాబట్టి. కోసిన ముక్కలను నాయన విడిగా తూచి, చిట్టాలో "మినహా 600 గ్రా. (పురుగు)" అని రాసుకున్నాడు. లెక్క తెగకూడదు కదా.

1982 ఏప్రిల్, 7 కిలోల 800. మే, 7 కిలోల 800. ఆ రెండు అంకెల కింద నాయన అడ్డంగా రెండు గీతలు కొట్టాడు, ఖాతా ముగించినట్టు. మూడేళ్లలో ఆ పలకలోంచి నాలుగు కిలోల నీళ్లు మా పెరటి గాలిలో కలిసిపోయాయి. చెంబులతో కొలిస్తే నాలుగు చెంబుల నీళ్లు.

ఆచారి దాన్ని మందంలో రెండుగా కోశాడు. మొదటిసారి చిత్రిక పట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పైన బూడిద రంగు తోలు రెండు తోపులకు లేచిపోయింది. కింద కాఫీ పొడి రంగు, అందులో నల్లని చారలు, ఎవరో తడిచేతి వేళ్లతో దువ్వినట్టు. పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి ఆచారి కాళ్ల మీద పడుతోంది. ఆయన ఆగి, అరచేత్తో పలకను అటూ ఇటూ రాశాడు. మళ్లీ చిత్రిక పట్టాడు. మళ్లీ ఆగాడు. "ఉలి చెప్పినట్టు వింటోంది" అన్నాడు. జీవితమంతా తుమ్మతో, చింతతో కుస్తీ పట్టిన మనిషి ఆయన. కోసిన వెంటనే గుంటలు తవ్వలేదు, లోపలి ముఖం కొత్త గాలికి అలవాటు పడాలని ఇంకో నెల బద్దల మీద పెట్టాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.

పీట తయారైంది. ఏడు గుంటలు ఇటు, ఏడు అటు. ఉప్పు కాగితంతో గుంటలను కూడా అద్దంలా రుద్దాడు ఆచారి. అవిసె నూనె పట్టించాడు. అవ్వ నువ్వుల నూనె రాయమంది, అది ఎన్నాళ్లకూ ఆరదు, గింజలు జిగటగా అంటుకుంటాయి, అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది అని ఆయనే నచ్చజెప్పాడు. మంచి రోజు చూసి అవ్వ ముందు పెట్టాం. అవ్వ గింజలు పంచింది. ఒక ఆట ఆడింది. పీటను పక్కకు నెట్టింది.

"గింజ నిలవడం లేదు. చప్పుడూ లేదు. నా గచ్చే నయం."

మూడేళ్లు! నాయన ముఖం చూడాల్సింది. ఆచారి ఏమీ అనకుండా పీట తీసుకుపోయాడు. మర్నాడు తెచ్చాడు. గుంటలను ఇంకొంచెం లోతు చేసి, అంచులు నిటారుగా తీసి, లోపల ఈసారి ఉప్పు కాగితం పెట్టకుండా గుండ్రటి ఉలి గాట్లు అలాగే వదిలేశాడు. చేప పొలుసుల్లా చిన్న చిన్న పలకలు. గింజ వేస్తే టక్కున ఆగుతోంది, టక్కుమంటోంది. అవ్వ ఒక్కో గుంటలో వేలు పెట్టి తడిమి, "ఇదీ" అంది. ఆ పీట ఇప్పుడు మా చెల్లెలి దగ్గర ఉంది. చాలా కాలం షోకేసులో వెలుతురు తగిలి రంగు కాస్త పాలిపోయింది. చాలా చెక్కలు వయసుతో ముదురుతాయి, అక్రోటు తేలిపోతుంది. ఉలి గాట్లు మాత్రం అరిగి ఇంకా బాగున్నాయి.

రెండో సగం పలక నాయన దగ్గరే ఉండిపోయి, నాకు పోస్టాఫీసులో ఉద్యోగమై తిరుపతిలో కాపురం పెట్టాక నా వాటాకు వచ్చింది. దాన్ని తెచ్చుకున్న రోజు మరచిపోలేను. స్కూటరు ముందు భాగంలో నిలువుగా పెట్టుకుని చిత్తూరు నుంచి వస్తున్నాను. చంద్రగిరి దాటాక తనిఖీలో ఒక కానిస్టేబులు ఆపాడు. శేషాచలం కొండల కింద ముదురు రంగు చెక్క పట్టుకుని తిరిగితే ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగాడు, ఎర్రచందనమా అని. అక్రోటు అన్నాను. ఆయన ఆ పేరే వినలేదు. కాశ్మీరు, మంచు, మా చిన్నాయన అంటూ మొదలుపెట్టాను. నేను చెప్పేకొద్దీ ఆయనకు అనుమానం పెరిగింది, అది నాకే అర్థమైంది. చివరకు ఆచారి ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. ఎర్రచందనం చేవ నీళ్లకంటే బరువు, వేస్తే మునిగిపోతుంది. పక్కనే టీ కొట్టు ముందు నీళ్ల తొట్టి ఉంది. "ఇందులో వేద్దామండీ. మునిగితే నన్ను పట్టుకోండి" అన్నాను. టీ తాగుతున్నవాళ్లంతా గ్లాసులు పట్టుకుని తొట్టి చుట్టూ చేరారు. పలక ఒకసారి బుడుంగుమని, లేచి, హాయిగా తేలింది. కానిస్టేబులు ఒక వేలితో నొక్కి చూశాడు. మళ్లీ తేలింది. పన్నెండేళ్లుగా నీళ్లకు దూరంగా కాపాడిన చెక్కను ఆ రోజు నా చేతులతో నేనే ముంచాను. ఇంటికొచ్చి తుడిచి, నీడలో పెట్టి, నాలుగు రోజులు నిద్ర లేకుండా చూసుకున్నాను. ఏమీ కాలేదు. కాసేపటి తడి పై తోలు దాటి పోదు.

తిరుపతిలో నాకు ఈ పిచ్చి ముదిరింది. 2021 నవంబరు వానలు ఈ ఊళ్లో ఎవరూ మరచిపోరు. కపిలతీర్థంలో కొండ నీళ్లు విరుచుకుపడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, వీధులు కాలువలయ్యాయి. మా వీధి మలుపులో పాత వేపచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. దాన్ని ముక్కలు కోసి తీసుకుపోతున్నవాళ్లను అడిగి రెండు దుంగలు ఆటోలో వేయించుకున్నాను. నిలువునా చీల్పించి, నడుమ ఉన్న బెండు తీసేయించాను. అది ఉంచిన దుంగ పగలకుండా ఎండటం నేను చూడలేదు. కొసలకు పేడ బదులు కొవ్వొత్తుల మైనం కరిగించి పూశాను. రెండంగుళాల పలకలు, రెండున్నరేళ్లు. తేమ చూపే చిన్న పరికరం కూడా కొన్నాను. రెండు మొనలు గుచ్చితే అంకె చూపిస్తుంది. అబద్ధం చెప్పదు గానీ, మొన దిగినంత మేర సంగతే చెబుతుంది, నడుమ సంగతి దానికి తెలియదు. అందుకని తూకం మానలేదు. నాయన చిట్టాలో ఆయన కొట్టిన జంట గీతల కింద, అదే మూడు గళ్లలో వేప తూకాలు రాశాను. నా అక్షరాలు ఆయన అక్షరాల పక్కన మరీ వంకరగా కనిపిస్తాయి. ఆ వేపతో రెండు గరిటెలు, ఒక పీట చేశాను. గరిటెలతో పులుసు కలిపితే చేదెక్కుతుందని మా ఆవిడ వాటిని పూజ గదిలో గోడకు తగిలించింది.

పోయిన మే నెలలో, పదవీ విరమణ అయిన వెంటనే, అటక మీది అక్రోటు దించాను. నలభై ఏళ్లకు పైగా ఎండిన చెక్క. దానితో బెంగుళూరులో ఉన్న మనవరాలికి పెన్సిళ్ల పెట్టె చేశాను, జారుడు మూతతో. నా పాత పెట్టె కథ గుర్తుంది కాబట్టి గాడిలో సందు ఎక్కువే వదిలాను. ఎంత వదిలానంటే, పెట్టె ఊపితే మూత టకటకలాడేది. ఆచారి ఉంటే నవ్వేవాడు.

అక్టోబరులో ఫోను వచ్చింది. అక్కడ వారం రోజులుగా వాన.

"తాతా, మూత రావడం లేదు."

పళ్లతో లాగావా అని అడిగాను. లాగిందట.